దూడకు ముర్రుపాలు ఆలస్యమైతే యాంటీబాడీలు అందుతాయా?

సందేహం: మా ఆవు తెల్లవారుజామున ఈనింది. మాయ పడేదాకా ఆగి, సాయంత్రం దూడకు ముర్రుపాలు తాగించాం. నాలుగో రోజు నుంచి తెల్లగా పారుతోంది. యాంటీబాడీలు అందలేదని పశువైద్యుడు అన్నారు. అవీ యాంటీబయాటిక్ మందులూ ఒకటేనా? ఇంజెక్షన్‌గా ఇప్పించవచ్చా?

సలహా: ముందు దూడ సంగతి చూడండి. మెడ మీద చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి లాగి వదలండి. రెండు సెకన్లు దాటినా మడత పోకపోయినా, కళ్లు గుంటలు పడినా ఒంట్లో నీరు తగ్గిందని అర్థం. లేవలేకపోతే నరానికి సెలైన్ ఎక్కించాలి, గంట కూడా ఆలస్యం చేయకండి. తాగగలిగితే పాలు మాన్పించవద్దు. పాలు పట్టే వేళల మధ్య ఎలక్ట్రోలైట్ ద్రావణం (లవణాలు కలిపిన నీరు) ఇవ్వండి.

ఇక మీ ప్రశ్న. యాంటీబయాటిక్ బ్యాక్టీరియాను అణచే మందు, వైరస్‌లపై పనిచేయదు. యాంటీబాడీ శరీరం తయారుచేసుకునే ప్రొటీన్. ఫలానా క్రిమినో విషాన్నో గుర్తుపట్టి అతుక్కుంటుంది. వీటిలో రకాలున్నాయి. కొత్త రోగం సోకగానే ముందు వచ్చేది ఐజీఎం. తర్వాత పెద్దమొత్తంలో వచ్చి ఎక్కువకాలం నిలిచేది ఐజీజీ. పేగు, ఊపిరితిత్తుల లోపలి పొరలను కాసేది ఐజీఏ. పరాన్నజీవులపై పోరాడేది, అలర్జీ తెచ్చేది ఐజీఈ.

మనుషుల్లో ఐజీజీ మాయ ద్వారా కడుపులోని బిడ్డకు చేరుతుంది. ఆవు మాయ వాటిని దాటనివ్వదు. అందుకే దూడ దాదాపు వట్టి చేతులతో పుడుతుంది. ముర్రుపాలలో ఉండేది ముఖ్యంగా ఐజీజీయే. పుట్టిన కొద్ది గంటలపాటు దూడ పేగు ఆ పెద్ద ప్రొటీన్‌ను అరిగించకుండా, ముక్కలు చేయకుండా నేరుగా రక్తంలోకి పంపుతుంది. గంటగంటకూ ఆ దారి మూసుకుపోతుంది. ఇరవై నాలుగు గంటలకు దాదాపు పూర్తిగా మూతపడుతుంది. మీ దూడ పోగొట్టుకున్నది ఆ పగటి సమయాన్నే. మాయ పడటానికీ పాలు పట్టడానికీ ఏ సంబంధమూ లేదు, దయచేసి ఇక ఎప్పుడూ ఆగకండి.

ఇంజెక్షన్ ఆలోచన మంచిదే. వ్యాధినిరోధకత వచ్చిన జంతువు సీరంతో, అంటే రక్తం గడ్డకట్టాక మిగిలే యాంటీబాడీలున్న ద్రవంతో, మరో జంతువును ధనుర్వాతం నుంచి కాపాడవచ్చని శాస్త్రవేత్తలు బేరింగ్, కిటసాటో 1890లోనే చూపారు. పాముకాటుకు ఇచ్చే మందు కూడా విషానికి అలవాటు చేసిన గుర్రాల యాంటీబాడీలే. టీకా వేస్తే శరీరం సొంతంగా తయారుచేసుకోవాలి, కొన్ని వారాలు పడుతుంది. సీరం వెంటనే పనిచేస్తుంది కానీ కొన్ని వారాలకే కరిగిపోతుంది. పైగా ఒక్కో సీరం ఏవో కొన్ని విషాలకో క్రిములకో మాత్రమే పనిచేస్తుంది. ముర్రుపాలలా అనేక రోగాలకు కలిపి ఇచ్చే సూది ఏదీ మందుల దుకాణంలో దొరకదు. అవసరమైతే ఆరోగ్యమైన పెద్ద ఆవు ప్లాస్మాను (రక్తంలో కణాలు తీసేసిన ద్రవాన్ని) పశువైద్యుడే దూడకు ఎక్కించగలరు, అడగండి.

వచ్చే ఈతలో రెండు గంటలలోపే మొదటిసారి తాగించండి. పాతిక కిలోల దూడకు మొదటి విడత రెండున్నర లీటర్లు. మిగిలిన ముర్రుపాలను ఫ్రీజర్‌లో దాచవచ్చు. వాడేటప్పుడు స్టవ్ మీద పెట్టకుండా, యాభై డిగ్రీలు మించని గోరువెచ్చటి నీళ్లలో ఆ సీసాను ఉంచి కరిగించండి. కాగితే ఐజీజీ పాడైపోతుంది.