టెక్ సందేహాలు: టిల్లర్‌కు కుందేలా, తాబేలా?

ఈసారి ఫోన్లు, లాప్‌టాప్‌ల ప్రశ్నలు పక్కన పెడుతున్నాం. తోట దున్నే చిన్న టిల్లర్ల స్పీడు మీద వచ్చిన సందేహాలే చాలా ఉన్నాయి. వాటిలో సగానికి పైగా ఒకే తికమక.

పెట్రోల్ టిల్లర్ కొన్నాను. రేసు లివర్‌కు ఒక చివర కుందేలు, ఇంకో చివర తాబేలు బొమ్మ. ముందుకు రెండు గేర్లు. కొత్త ఇంజిన్ కదా అని తాబేలు దగ్గరే పెట్టి నడుపుతున్నా. గట్టి నేల తగలగానే ఆగిపోతోంది, పెళ్లలు పెద్దవి లేస్తున్నాయి. ఎక్కడ పెట్టాలి?

దున్నేటప్పుడు లివర్ కుందేలు దగ్గరే ఉండాలి. నెమ్మదించాల్సింది ఇంజిన్ కాదు, బండి నడక.

టిల్లర్‌లో మూడు వేగాలుంటాయి: ఇంజిన్ తిరిగే వేగం, బ్లేడ్లు తిరిగే వేగం, బండి ముందుకు కదిలే వేగం. లివర్ మొదటిదాన్ని మారుస్తుంది. గేరు మిగతా రెంటిలో ఏది మారుస్తుందన్నది బండి రకాన్ని బట్టి ఉంటుంది. ఒకదాని కోసం ఇంకోదాన్ని కదిలించడమే ఇందాక చెప్పిన తికమక.

లివర్ తగ్గిస్తే ఇంజిన్‌కు విశ్రాంతి అనుకుంటారు. జరిగేది వేరు. ఈ తరహా ఇంజిన్లలో లివర్ చాలావరకు కార్బురేటర్‌ను నేరుగా తెరవదు, చుట్లను ఒకేలా నిలిపే గవర్నర్ అనే భాగపు స్ప్రింగును బిగిస్తుంది. ‘ఇన్ని చుట్లు నిలబెట్టు’ అని మీరు చెబుతారు, బరువు (పని భారం) పడినప్పుడు గాలి పలకను ఎంత తెరవాలో గవర్నర్ చూసుకుంటుంది. నాలుగు స్ట్రోకుల తోట ఇంజిన్లలో పై హద్దు సాధారణంగా నిమిషానికి 3600 చుట్లు, ఇంజిన్ పూర్తి బలం వచ్చేది ఆ దరిదాపుల్లోనే. సగం చుట్లకు దించితే బలం కూడా దాదాపు సగమైపోతుంది. పైగా ఇంజిన్‌ను చల్లబరిచే ఫ్యాను ఫ్లైవీల్ మీదే ఉంటుంది. చుట్లు తగ్గితే గాలి తగ్గుతుంది, బరువు మాత్రం అంతే. చాలా చిన్న ఇంజిన్లలో ఆయిల్‌ను పైకి చిమ్మేది కూడా క్రాంకుతో పాటు తిరిగే చెంచాలాంటి ముక్క. అంటే తాబేలు దగ్గర పెట్టి గట్టి నేల దున్నించడం ఇంజిన్‌ను ఉక్కపోతలో బస్తాలు మోయించడమే.

కొత్త ఇంజిన్‌ను సుతారంగా వాడాలన్నది నిజమే. అయితే తగ్గించాల్సింది బరువు. తొలి కొన్ని గంటలు 5 సెంటీమీటర్లకు మించి లోతు పోనివ్వకండి. మొదటి ఆయిల్ మార్పు మీ మాన్యువల్ ఎన్ని గంటలకు చెబితే అన్ని గంటలకు చేయించండి. ఆ తొలి ఆయిల్‌లో లోహపు రజను దిగి ఉంటుంది.

ఇక గేర్లు. బ్లేడ్లు వెనక, ఇంజిన్ తిప్పే చక్రాలు ముందు ఉంటే, గేరు సాధారణంగా చక్రాల వేగాన్నే మారుస్తుంది. బ్లేడ్లు ఇంజిన్ వెంటే తిరుగుతాయి. అక్కడ మొదటి గేరు అంటే అదే జానెడు నేల మీద ఎక్కువ కోతలు, చిన్న పెళ్లలు. చక్రాలు లేకుండా ఇంజిన్ కింద బ్లేడ్లే ఉంటే, గేరు ఆ బ్లేడ్ల వేగాన్నే మారుస్తుంది. నేలను పట్టుకుని బండిని లాగేదీ అవే కాబట్టి రెండో గేరులో కోతతో పాటు నడకా పెరుగుతుంది. ఇందులో మొదటి గేరు గట్టి నేలకు, తొలి దుక్కికి. రెండోది ఒకసారి దున్నిన మెత్తటి నేలకు.

నాది చక్రాల్లేని రకం, గేరు ఒక్కటే. రేసు పెంచితే నేల తవ్వకుండా గెంతుతూ నన్ను లాక్కుపోతోంది. తగ్గిస్తే ఆగిపోతోంది. మధ్యలో ఎక్కడో సరైన స్పీడు ఉంటుందా?

లివర్ మీద వెతికితే దొరకదు. మీ బండిలో స్పీడు సెట్టింగు అంటే వెనక వేలాడే ఇనప కడ్డీయే. చిల్లులున్న ఆ పట్టీని రవాణా కోసమో, నిలబెట్టడానికో ఇచ్చారనుకుని చాలామంది పైకెత్తి పెట్టేస్తారు. అది నేలలో దిగి బండిని వెనక్కి పట్టి ఉంచుతుంది. బండి ఆగితే బ్లేడ్లు ఉన్నచోటే తవ్వుతాయి, వదిలితే పరుగెడతాయి. కడ్డీని ఒక చిల్లు కిందికి దించి పిన్ను పెట్టండి. లివర్ కుందేలు వైపు ముప్పావు దాటించండి. హ్యాండిల్‌ను కిందికి నొక్కితే కడ్డీ దిగబడి బండి నిలుస్తుంది, బ్లేడ్లు లోపలికి పోతాయి. కావలసిన లోతు రాగానే హ్యాండిల్‌ను కాస్త లేపండి, అడుగు ముందుకేస్తుంది. నొక్కు, వదులు, నొక్కు, వదులు. పది అడుగుల్లో చేతికి లయ దొరుకుతుంది. చేతులు లాగుతున్నాయంటే కడ్డీ ఇంకా పైనే ఉంది. ఉన్నచోటే గొయ్యి తవ్వుకుని కూరుకుపోతుంటే ఒక చిల్లు పైకెత్తండి.

అయినా గెంతుతుంటే మూడు చూడాలి. ఒకటి, బ్లేడ్లు తిరగేసి బిగించారేమో. పదునున్న అంచు బండి ముందుకు పోయే వైపు తిరిగి నేలను తాకాలి. కుడి ఎడమలు తారుమారైతే బ్లేడు వీపు నేలను కొడుతుంది, బండి తవ్వకుండా జారుతుంది. శుభ్రం చేయడానికి విప్పిన తర్వాత ఈ పొరపాటు సర్వసాధారణం. రెండు, నేల మరీ ఎండిపోయిందేమో. మూడు, ఒక్కసారిగా 15 సెంటీమీటర్లు అడుగుతున్నారేమో. 5 సెంటీమీటర్లు ఒక వరస, దానికి అడ్డంగా ఇంకో వరస, ఆ తర్వాతే లోతు. తొలి వరస గట్టి పెచ్చు విరగ్గొట్టడానికే, అందం కోసం కాదు.

నేల పదును, అంటే దున్నడానికి తగిన తడి ఉందో లేదో చూసే పరీక్ష తేలిక. పది సెంటీమీటర్ల లోతు నుంచి పిడికెడు మట్టి తీసి గట్టిగా పిసకండి. ఉండ కాకపోతే ఎండిపోయింది: ముందు రోజు తడపండి. ఉండ అయి, నడుమెత్తు నుంచి జారవిడిస్తే విడిపోతే దున్నడానికి సరిగ్గా పదును. కింద పడి ముద్దగా నిలిస్తే ఆగండి. ఆ తడిలో, ముఖ్యంగా బంకనేలలో, బ్లేడ్లు అడుగు మట్టిని తాపీతో నున్నగా మెత్తినట్టు చేస్తాయి. ఎండాక అది వేరు దిగని గట్టి పొర. అప్పుడు ఏ స్పీడూ పనికిరాదు.

స్పీడు సరిపోయిందో లేదో ఫోనుతో కొలవొచ్చా?

ఈ శీర్షికకు తగ్గ ప్రశ్న. కొలవొచ్చు.

ఇంజిన్ చుట్లు శబ్దంలో దొరుకుతాయి. నాలుగు స్ట్రోకుల ఒంటి సిలిండర్ ఇంజిన్ రెండు చుట్లకు ఒకసారి పేలుతుంది. 3600 చుట్లంటే సెకనుకు 60 చుట్లు, 30 పేలుళ్లు, అంటే 30 హెర్ట్జ్. శబ్దాన్ని గ్రాఫుగా చూపే స్పెక్ట్రమ్ అనలైజర్ యాప్ ఏదైనా తీసుకుని మూడు నాలుగు మీటర్ల దూరంలో ఫోను పెట్టండి. 30 దగ్గర గీత కనబడకపోతే కంగారు పడొద్దు. ఫోను మైకుకు అంత లోతు శబ్దం సరిగా అందదు. 60, 90, 120 దగ్గర లేచే మొనలు చూడండి. పక్కపక్క మొనల మధ్య తేడాను 120తో గుణిస్తే నిమిషానికి చుట్లు. తేడా 25 ఉంటే 3000. రెండు స్ట్రోకుల ఇంజిన్ అయితే 60తో గుణించాలి.

ప్లగ్గు తీగకు చుట్టే చిన్న డిజిటల్ మీటర్లూ ఉన్నాయి. అందులో ఒక మెలిక: తోట ఇంజిన్ల మాగ్నెటో చాలావరకు ప్రతి చుట్టుకూ నిప్పురవ్వ వేస్తుంది, అక్కరలేని చుట్టులో కూడా. అందుకే నాలుగు స్ట్రోకుల ఇంజిన్ అయినా మీటర్‌ను ‘చుట్టుకు ఒక స్పార్కు’ మీదే పెట్టండి. ‘రెండు చుట్లకు ఒకటి’ అని పెడితే 3600 బదులు 7200 చూపించి హడలగొడుతుంది.

నిజానికి పెళ్ల సైజును తేల్చేది ఇంజిన్ చుట్లు కాదు. ఒక కోతకూ తర్వాతి కోతకూ మధ్య బండి ఎంత జరిగిందన్నదే లెక్క. బ్లేడ్లు బిగించిన బయటి చక్రబిళ్ల మీద ఒక బ్లేడు మొదట్లో తెల్ల పెయింటు చుక్క పెట్టండి. పైపైన దున్నుతూ పోతుంటే పక్క నుంచి, నాలుగైదు మీటర్ల దూరంలో వేరొకరు సెకనుకు 240 ఫ్రేముల స్లో మోషన్‌లో తీయాలి. బండిని గాల్లోకి లేపి బ్లేడ్లు తిప్పడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. చుక్క ఒక చుట్టు తిరగడానికి 115 ఫ్రేములు పడితే 240ని 115తో భాగించి 60తో గుణించండి: నిమిషానికి సుమారు 125 చుట్లు. అదే సమయంలో 10 మీటర్లు దాటడానికి ఎన్ని సెకన్లో చూడండి. 30 సెకన్లయితే నిమిషానికి 20 మీటర్లు.

బిళ్లకు నాలుగు బ్లేడ్లుంటే సాధారణంగా రెండు కుడికి, రెండు ఎడమకు వంగి ఉంటాయి. అంటే ఒక వైపున చుట్టుకు రెండు కోతలు. 125 చుట్లకు 250 కోతలు. 20 మీటర్లను 250తో భాగిస్తే ఒక్కో కోత 8 సెంటీమీటర్లు. తొలి దుక్కికి ఇది చాలు. విత్తనాల మడికి 4 సెంటీమీటర్లకు రావాలి. రేసు ముట్టుకోకుండా నడకను నిమిషానికి 10 మీటర్లకు దించితే సరిగ్గా అంతే వస్తుంది.

అంతకన్నా సన్నగా చేయాలన్న మోజు వద్దు. పొడి నేలను పూర్తి స్పీడులో నాలుగైదు సార్లు తిప్పితే చూడ్డానికి జల్లించిన పిండిలా ముచ్చటగా ఉంటుంది. మొదటి వానకే పైన అట్ట కడుతుంది, మొలక పైకి రాలేదు. శనగగింజంత రేణువుల మధ్య అక్కడక్కడా ఉసిరికాయంత పెళ్లలు మిగిలితే మంచి దుక్కి.

బ్యాటరీ టిల్లర్. మాటిమాటికీ దానంతట అదే ఆగిపోతోంది. స్పీడు తగ్గిస్తే ఇంకా త్వరగా ఆగుతోంది. పాడైందా?

పాడవలేదు, కాపాడుకుంటోంది. మోటారు నెమ్మదై బరువు పెరిగేకొద్దీ ఎక్కువ కరెంటు లాగుతుంది. బ్లేడు వేరుకు చిక్కి తిరగకుండా నిలిచిపోతే గరిష్ఠం. బ్యాటరీ తట్టుకునే హద్దు దాటగానే అందులోని రక్షణ సర్క్యూట్ కరెంటు తెంపేస్తుంది. ట్రిగ్గర్ వదిలి మళ్లీ నొక్కగానే పనిచేస్తే కారణం ఇదే. పది నిమిషాల తర్వాత గానీ కదలకపోతే వేడి. దీనిలో కూడా మందు ఒకటే: స్పీడు పైన, లోతు తక్కువ, 3 సెంటీమీటర్లు చొప్పున.

ఎంతసేపు వస్తుందో ముందే లెక్కేసుకోండి. 20 వోల్టులని రాసినా లిథియం ప్యాకులో ఐదు సెల్లుల సగటు వోల్టేజీ 18. 4 ఆంపియర్ అవర్ ప్యాకు 72 వాట్ అవర్లు. మోటారు 500 వాట్లు లాగితే తొమ్మిది నిమిషాలు కూడా రాదు. అది మడి కలపడానికి, బీడు విరగ్గొట్టడానికి కాదు. తీగ ఉన్న కరెంటు టిల్లర్ నీరసంగా తిరుగుతుంటే ఎక్స్‌టెన్షన్ తీగ చూడండి: సన్నగా, పొడవుగా ఉంటే వోల్టేజీ దారిలోనే పోతుంది. చుట్ట మొత్తం విప్పకుండా వాడితే తీగ కూడా కాలుతుంది.

బరువు లేకపోయినా ఇంజిన్ ‘ఊం... ఊం...’ అంటూ స్పీడు పెరుగుతూ తగ్గుతూ ఉంది. లివర్ ఎక్కడ పెట్టినా అంతే.

గవర్నర్ తడబడుతోంది, కానీ తప్పు ఎక్కువసార్లు దానిది కాదు. ఇంజిన్ వేడెక్కాక చోక్‌ను (లోపలికి పోయే గాలిని తగ్గించే పలకను) పావు వంతు మూయండి. శబ్దం కుదురుకుంటే పెట్రోల్ తక్కువ అందుతోందని అర్థం. నెలల తరబడి నిల్వ ఉన్న పెట్రోల్ జిగురై కార్బురేటర్‌లోని సన్నటి జెట్‌ను పూడ్చి ఉంటుంది. పాత పెట్రోల్ తీసేసి జెట్ శుభ్రం చేయించండి. చోక్ వేసినా మారకపోతే గవర్నర్ స్ప్రింగు, లింకు తుప్పో మట్టో పట్టి బిగుసుకున్నాయేమో చూడండి. స్ప్రింగును వేరే చిల్లులోకి మార్చి స్పీడు ‘సర్దడం’ మాత్రం వద్దు. హద్దు దాటి తిరిగిన చిన్న ఇంజిన్‌లో కనెక్టింగ్ రాడ్ విరిగితే బ్లాకు పగులుతుంది.

మొక్కల వరసల మధ్య కలుపుకు ఏ స్పీడు?

లోతు 3 సెంటీమీటర్లు, రేసు ముప్పావు, మొదటి గేరు. బయటి బ్లేడ్లు విప్పి వెడల్పు తగ్గించుకోండి, వరసకు రెండు వైపులా జానెడు వదలండి. గరిక, తుంగ ఉన్నచోట టిల్లర్ పెట్టొద్దు. గరిక ముక్కముక్కా మొలుస్తుంది, తుంగ గడ్డలు తోటంతా పరుచుకుంటాయి. పొడుగు గడ్డి చుట్టుకుంటే ఇంజిన్ ఆపి, ప్లగ్గు టోపీ లాగి పక్కన పెట్టాకే కత్తితో కోయండి. బ్యాటరీ రకమైతే ప్యాకు బయటికి తీయాలి.