ఫేస్‌లిఫ్ట్ వచ్చిన చిన్న హ్యాచ్‌బ్యాక్ రోజువారీ వాడకానికి తీసుకోవచ్చా?

రోజూ ఆఫీసుకి వెళ్ళి రావాలి, దారిలో పిల్లల్ని స్కూల్లో దింపాలి, బడ్జెట్ మరీ పెద్దది కాదు. మీకు నచ్చిన చిన్న హ్యాచ్‌బ్యాక్‌కి ఈమధ్యే ఫేస్‌లిఫ్ట్ (పైపై మార్పులతో కొత్త రూపం) వచ్చింది. అది తీసుకోవాలా, తగ్గింపులో ఇస్తున్న పాత మోడల్ స్టాక్ తీసుకోవాలా అన్నది మీ ప్రశ్న.

ఫేస్‌లిఫ్టే తీసుకోవచ్చండి, నేనూ అలాంటి కారే వాడుతున్నాను. కాకపోతే షోరూములో సేల్స్ అబ్బాయి వేలు పెట్టి చూపించేవాటి కంటే చూపించనివాటి మీద ఎక్కువ సేపు గడపండి. ఫేస్‌లిఫ్ట్ అంటే మామూలుగా బంపర్లు, గ్రిల్, లైట్లు, చక్రాలు, స్క్రీన్, సీటు కవర్ల రంగు మారతాయి. ప్లాట్‌ఫాం (కారు అడుగు చట్రం), వీల్‌బేస్ (ముందు వెనక చక్రాల మధ్య దూరం), తలుపులు, పైకప్పు పాతవే. వెనక సీట్లో మోకాళ్ళు ముందు సీటుకి తగిలే కారైతే ఇప్పుడూ తగులుతాయి. కొత్త బంపర్ వల్ల బ్రోషర్లో పొడవు కొంచెం పెరిగి కనిపించొచ్చు, అది బయటి పొడవే. ముందు సీటుని మీ ఎత్తుకి సరిచేసుకుని, దాన్ని కదపకుండా వెళ్ళి వెనక కూర్చోండి. ఇంతకంటే మంచి కొలత లేదు. చైల్డ్ సీటు వాడతారనుకుంటే దాన్ని తగిలించే ఐసోఫిక్స్ కొక్కేలు ఉన్నాయో లేవో కూడా అప్పుడే వేలితో తడిమి చూడండి.

అన్నిటికంటే ముందు అడగాల్సింది సేఫ్టీ రేటింగ్ ఏ సంవత్సరానిది, ఏ వెర్షన్‌ది అని. ఫేస్‌లిఫ్ట్ కదా, పాత రేటింగే ఉంటుందిలే అనుకోకూడదు. రెనో జోయి అనే చిన్న ఎలక్ట్రిక్ హ్యాచ్‌బ్యాక్‌కి 2013లో యూరో ఎన్‌క్యాప్ (కార్లని గుద్దించి పరీక్షించే యూరప్ సంస్థ) 5 స్టార్లు ఇచ్చింది. ఫేస్‌లిఫ్ట్ తర్వాత 2021లో మళ్ళీ పరీక్షిస్తే సున్నా వచ్చింది. పరీక్షలు కఠినమవడం ఒక కారణం. దానికి తోడు, తలనీ ఛాతీనీ కాపాడే పాత సైడ్ ఎయిర్‌బ్యాగ్ తీసేసి ఛాతీకి మాత్రమే పనికొచ్చేది పెట్టారు. బయటికి మాత్రం కారు ఇంకా కొత్తగా, అందంగా కనిపించేది! ఫియట్ పుంటో కథా ఇంచుమించు ఇంతే: 2005లో 5 స్టార్లు, 2017లో సున్నా. అందుకే కొత్త బ్రోషర్‌నీ పాత బ్రోషర్‌నీ పక్కపక్కన పెట్టుకుని ఏం చేర్చారనేదే కాదు, ఏం తీసేశారో కూడా చూడండి. ఎయిర్‌బ్యాగుల సంఖ్య, ఈఎస్‌సీ (బండి పట్టు తప్పి జారకుండా ఆపే ఏర్పాటు), వెనక మధ్య సీటుకి మూడు పాయింట్ల బెల్టు, వెనక వైపర్ లాంటివి వేరియంట్‌కో రకంగా మారుతుంటాయి.

ఇక టెస్ట్ డ్రైవ్. షోరూము వాళ్ళు తీసుకెళ్ళే నున్నటి రోడ్డు మీద ప్రతి కారూ బాగానే ఉంటుంది. ఇంట్లోవాళ్ళని ఎక్కించుకుని, ఏసీ పూర్తిగా పెట్టి, గతుకుల రోడ్డు మీదకీ, ఒక ఎత్తు మీదకీ పోనివ్వమనండి. రెండో గేర్లో నిదానంగా పోతూ యాక్సిలరేటర్ నొక్కితే ఇంజిన్ లాగుతోందా, మూలుగుతోందా? రోజూ ట్రాఫిక్‌లో మీకు అవసరమయ్యేది ఈ లాగుడే, హైవే మీద టాప్ స్పీడు కాదు. మూడు సిలిండర్ల ఇంజిన్ అయితే సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు గేర్ రాడ్ మీద చెయ్యి పెట్టి చూడండి. నా కారులో ఏసీ కంప్రెసర్ అందుకున్నప్పుడల్లా ఆ రాడ్ సన్నగా వణుకుతుంది. నాకు అలవాటైపోయింది కానీ మా ఆవిడకి ఇప్పటికీ చిరాకే.

ఏఎంటీ గేర్‌బాక్స్ తీసుకుంటే ఒక మాట. అది లోపల మాన్యువలే, క్లచ్ నొక్కి గేర్ మార్చే పని మాత్రం యంత్రం చేస్తుంది. గేర్ మారేటప్పుడు తల ముందుకి ఊగినట్టుంటుంది. ఆ క్షణంలో యాక్సిలరేటర్ మీద కాలు కాస్త వదిలితే ఆ ఊగు చాలావరకు పోతుంది. ఎత్తులో ఆగినప్పుడు మాత్రం యాక్సిలరేటర్‌తో బండిని నిలబెట్టకండి, క్లచ్ కాలిపోతుంది. బ్రేక్ వాడండి.

చక్రాల సంగతి ఎవరూ చెప్పరు. ఫేస్‌లిఫ్ట్ టాప్ వేరియంట్లో పెద్ద అలాయ్‌లు వేసి ఫొటోలు తీస్తారు. 165/80 ఆర్14 టైరుకి (165 మి.మీ. వెడల్పు, అందులో 80 శాతం పక్క గోడ, 14 అంగుళాల చక్రం) పక్క గోడ ఎత్తు 132 మి.మీ. ఉంటుంది, 185/65 ఆర్15కి 120. ఆ తగ్గిన 12 మి.మీ. గతుకు పడ్డప్పుడల్లా నడుముకి తెలుస్తుంది, టైర్లు మార్చే రోజున జేబుకీ తెలుస్తుంది. నేను మధ్య వేరియంట్, స్టీల్ చక్రాలు తీసుకున్నది అందుకే. అందంగా లేదని ఇంట్లో అన్నారు, అవును, లేదు.

ఎల్‌ఈడీ హెడ్‌లైట్ల వెలుతురు బాగుంటుంది. కానీ చిన్న హాలోజెన్ బల్బు పోతే బల్బు మార్చుకుంటాం. చాలా కార్లలో ఎల్‌ఈడీ పోయినా, అద్దం పగిలినా మొత్తం యూనిట్ మార్చాలి. పైగా ఫేస్‌లిఫ్ట్ వచ్చిన కొత్తలో ఇంజిన్ ఫిల్టర్లు, బ్రేక్ ప్యాడ్లు పాతవే కాబట్టి ఎక్కడైనా దొరుకుతాయి, కొత్తగా మారిన బంపర్, లైట్ల కోసం ఎదురుచూడాల్సి రావచ్చు. నా ముందు బంపర్‌కి ఒక ఆటో రాసుకుపోయినప్పుడు కొత్తది రావడానికి వారాలు పట్టింది. ఈలోగా మూల దగ్గర టేపు వేసుకుని తిరిగాను. అదే మంచి వైపు చూస్తే, అమ్ముడై రోడ్డు మీద కొన్నేళ్ళు తిరిగిన ఇంజిన్, గేర్‌బాక్స్ కాబట్టి వాటి జబ్బులేమిటో మెకానిక్‌లకి తెలిసిపోయి ఉంటాయి. మీకు దగ్గర్లోని మెకానిక్‌ని "ఈ బండికి ఎక్కువగా ఏ పని వస్తుంది?" అని అడగండి. కొత్తదనం ఉన్నది స్క్రీన్‌లోనూ కెమెరాలోనూ, సతాయిస్తే అవే సతాయిస్తాయి. ఏసీకి, వాల్యూమ్‌కి తిప్పే నాబ్‌లు ఉన్న వేరియంట్ దొరికితే వదలకండి, నడుపుతూ స్క్రీన్‌లో వేలితో వెతుక్కోవడం ప్రమాదం.

మైలేజీ విషయంలో బ్రోషర్ అంకెని నమ్మకుండా, అదే ఇంజిన్ ఉన్న పాత మోడల్ నడిపేవాళ్ళని అడగండి. ఫుల్ ట్యాంక్ నుంచి ఫుల్ ట్యాంక్‌కి లెక్కేసినవాళ్ళ మాటే లెక్క.

పాత స్టాక్ ఎప్పుడు మేలంటారా? సేఫ్టీ సరంజామా రెంటిలో ఒకటే అయి, ఇంజిన్ కూడా అదే అయి, తగ్గింపు చెప్పుకోదగ్గదైతే, కారుని చాలా ఏళ్ళు ఉంచుకునేవాళ్ళకి పాతదే లాభం. రెండు మూడేళ్ళలో అమ్మేద్దామనుకుంటే వద్దు, పాత ముఖానికి అమ్మకంలో రేటు తగ్గుతుంది, ఇప్పుడు మిగిలిందంతా అప్పుడు పోతుంది. ఏది తీసుకున్నా డబ్బు కట్టకముందే యార్డుకి వెళ్ళి బండి తయారైన నెల చూడండి. టైరు పక్కన DOT అని మొదలయ్యే కోడ్ చివర టైరు తయారైన తేదీ చెప్పే నాలుగు అంకెలుంటాయి: 1425 అంటే 2025లో 14వ వారం. బండి తయారైన నెల కంటే టైర్లు మరీ పాతవైతే, లేదా నాలుగిట్లో తేదీలు ఒకదానికొకటి పొంతన లేకపోతే కారణం అడగండి. ఎండలో నెలల తరబడి నిలబడిన బండి అయితే బ్యాటరీ కూడా పరీక్షించమనండి, కొత్తది వేసి ఇస్తామంటే ఆ మాట బిల్లు మీద రాయించుకోండి.