అడుగడుగునా ఆగి వాసన చూసే కుక్కకు ఆ అలవాటు మాన్పించాలా?

మీ కుక్కకు ఏడాది నిండిందనీ, ఉదయం నడకకు తీసుకువెళితే పది అడుగులు కూడా వరుసగా వేయకుండా ప్రతి స్తంభం దగ్గరా, ప్రతి చెట్టు మొదట్లోనూ ఆగి వాసన చూస్తోందనీ, లాగితే నాలుగు కాళ్ళూ నేలకు తన్నిపెట్టి మొండికేస్తోందనీ రాసి, ఈ అలవాటు మాన్పించే ఉపాయం చెప్పమని అడిగారు. దయచేసి మాన్పించకండి. మీరిప్పుడు చేస్తున్న పనినే నేను రెండేళ్ళపాటు చేశాను. ఆ రెండేళ్ళు మా కుక్క నడకను నేనే పాడుచేశానన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

మాది రాజమహేంద్రవరం. గోదావరి గట్టుకు నడిచి వెళ్ళేంత దూరంలో ఇల్లు. తొమ్మిదేళ్ళ కిందట శ్రావణమాసపు ముసురులో మా వీధి మలుపున ఉన్న కిరాణా కొట్టు అరుగు కింద ఒక వీధికుక్క ఐదు పిల్లల్ని పెట్టింది. వానలు తగ్గేసరికి రెండే మిగిలాయి. ఒకదాన్ని టిఫిన్ బండి నడిపే ఆయన తీసుకున్నాడు, రెండోది మా ఇంటికి వచ్చింది. గోధుమరంగు ఒళ్ళు, నుదుట బొట్టంత తెల్లమచ్చ ఉండటంతో మా అమ్మ దానికి చుక్క అని పేరు పెట్టింది. టీకాలన్నీ పూర్తయ్యేదాకా వీధిలో నేల మీద దింపవద్దనీ, పార్వో వంటి జబ్బులు ఇతర కుక్కలు విసర్జించిన చోటు నుంచే అంటుకుంటాయనీ పశువైద్యురాలు చెప్పడంతో, నాలుగో నెల వచ్చేదాకా దాన్ని చంకనెత్తుకొని చుట్టుపక్కల తిప్పి తెచ్చేవాళ్ళం. ఆ తరువాత బెల్టు వేసి, తాడు కట్టి నడిపించడం మొదలుపెట్టాను.

నాకు చక్కెర వ్యాధి ఉంది. రోజూ ముప్పావుగంట ఆగకుండా నడవమని డాక్టరు చెప్పారు. నా నడకలోనే దాని నడక కూడా కలిసివస్తుంది కదా అనుకున్నాను, అక్కడే పొరపాటు జరిగింది. నాకు కావలసింది ఆగకుండా సాగే నడక, దానికి కావలసింది ఆగి ఆగి సాగే నడక. ఒకే తాడుకు రెండు కొసలా ఈ రెండు అవసరాలూ పెనుగులాడుతుంటే, బలం నాది కనుక ప్రతిసారీ నేనే గెలిచాను. అది వాసన చూడబోయిన ప్రతిచోటా ఒక్క లాగు లాగేవాణ్ణి. కొన్నాళ్ళకు చుక్కకు పొడిదగ్గు మొదలైంది. వైద్యురాలు మెడ తడిమి చూసి, బెల్టు గొంతునాళాన్ని నొక్కడం వల్ల వచ్చిన దగ్గు ఇదని చెప్పి, మెడకు బదులు ఛాతీ చుట్టూ వేసే హార్నెస్ కొనమన్నారు. కొన్నాను. దగ్గు తగ్గింది కానీ లాగడం మాత్రం నేను మానలేదు.

నన్ను మార్చింది ఒక కాలి బెణుకు. కార్తికమాసంలో మడమ బెణికి, వారం రోజుల పాటు కుంటుతూ నడవవలసి వచ్చింది. వేగంగా నడవలేను కనుక, అది ఆగిన చోటల్లా నేనూ ఆగాను. ఊరికే నిలబడి ఏం చేయాలో తోచక దాన్ని చూడటం మొదలుపెట్టాను. మా వీధి చివర ఉన్న కరెంటు స్తంభం మొదట్లో సిమెంటు పెచ్చు ఊడి, ఆ సందులో గడ్డి మొలిచి ఉంటుంది. చుక్క ముందుగా జానెడు దూరంలో మూతి నిలిపి గాలిని పట్టింది. ముక్కుపుటాల పక్కనున్న సన్నని చీలికలు రెపరెపలాడుతున్నాయి. తెల్లవారుజామున వీధి అంతా నిశ్శబ్దంగా ఉండటం వల్ల ఆ పొట్టి పొట్టి ఊపిరులు నాకు వినిపించాయి. తరువాత ఒకే ఒక్క గడ్డిపరకను ఎంచుకొని, తగిలీ తగలనంత దగ్గరగా ముక్కును మొదలు నుంచి కొస దాకా నడిపింది. నాలుకతో ఒకసారి అద్ది, కింది దవడను టకటకమని వణికించింది. తల ఎత్తి రామాలయం వైపు చూసి, మళ్ళీ అదే పరక దగ్గరికి వచ్చింది. చివరికి అక్కడే రెండు చుక్కల మూత్రం విడిచి, వెనుక కాళ్ళతో మట్టిని రెండుసార్లు చిమ్మి, ఇక వెళదామన్నట్టు నా వైపు చూసింది. మొత్తం నిమిషంన్నర పట్టింది. అంతకు ముందు రెండేళ్ళపాటు ఆ స్తంభం దగ్గర నేను దానికి రెండు సెకన్లు కూడా ఇవ్వలేదు.

ఆ దవడ వణుకు చూసి మూర్ఛ ఏమైనా వస్తోందా అని భయపడి వైద్యురాలిని అడిగితే, భయపడవలసింది లేదంటూ ఆమె ఓపికగా వివరించారు. కుక్కకు ముక్కు కాకుండా, అంగిలి పైభాగంలో, ముందుపళ్ళ వెనుక, వాసనల కోసమే మరొక చిన్న అవయవం ఉంటుందట. ఇతర కుక్కల మూత్రంలోని సంకేతాలను అక్కడికి చేరవేయడానికే అది నాలుకను, దవడను అలా ఆడిస్తుంది. ఆ మూత్రాన్ని బట్టి అక్కడికి వచ్చింది ఆడదో మగదో, ఎదకు వచ్చిందో లేదో, తమ వీధిదో పరాయిదో గ్రహిస్తుంది. ముక్కుపుటాల పక్క చీలికలకూ పని ఉంది. విడిచిన ఊపిరి వాటి గుండా పక్కలకు పోతుంది కనుక, ఎదుట ఉన్న వాసన చెదరకుండా మళ్ళీ మళ్ళీ లోపలికి అందుతుంది. శ్రద్ధగా వాసన చూసేటప్పుడు సెకనుకు ఐదుసార్ల వరకు గాలి పీల్చుతుంది. మన ముక్కులో వాసనను పట్టే గ్రాహకాలు 60 లక్షలకు మించవు. కుక్కలో, జాతిని బట్టి, 12 కోట్ల నుంచి 30 కోట్ల దాకా ఉంటాయి. మట్టి చిమ్మడాన్ని కూడా నేను పిల్లిలాగా మలమూత్రాలను కప్పిపెట్టడమనే అనుకునేవాణ్ణి. అది కప్పడం కాదట. వేళ్ళ మధ్య ఉండే గ్రంథుల వాసనను కూడా నేలకు రాసి, తన గుర్తును మరింత గట్టిగా వదలడమట.

ఈ విద్యను మన పెద్దలు గుర్తించకపోలేదు. పణులనే అసురులు దాచిన ఆవుల జాడ తీసి ఇంద్రునికి చెప్పిన సరమ అనే దేవకుక్క కథ ఋగ్వేదంలోనే ఉంది. ఆమె సంతతి కనుకనే కుక్కను సారమేయం అన్నారు. దొంగతనం జరిగితే పోలీసు జాగిలం వచ్చి ఎటువైపు వెళ్ళి ఆగిందో పత్రికల్లో ఇప్పటికీ శ్రద్ధగా చదువుతాం. ఆ పని కోసమే జాగిలాలకు నెలల తరబడి శిక్షణ ఇస్తారు. ఆ ముక్కే మన ఇంటి ముందు స్తంభం దగ్గర ఆగితే మాత్రం ఆలస్యమవుతోందని విసుక్కుంటాం. ఇది న్యాయమేనా అని నన్ను నేనే ప్రశ్నించుకున్నాను.

వాసన కుక్కకు కాలక్షేపం మాత్రమే కాదనీ, వాటి సంఘజీవితమంతా దాని మీదే నడుస్తుందనీ చుక్క తల్లిని చూసి తెలుసుకున్నాను. తల్లి ఇప్పటికీ ఆ కిరాణా కొట్టు ముందే ఉంటుంది. మునిసిపల్ కార్పొరేషన్ వారు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించి, గుర్తుగా చెవి కొస కత్తిరించి, తిరిగి అక్కడే వదిలారు. ఒకసారి చుక్కకు చర్మవ్యాధి వస్తే మందు సబ్బుతో స్నానం చేయించి, వెంటనే నడకకు తీసుకువెళ్ళాను. రోజూ తోక ఊపుతూ ఎదురొచ్చే తల్లి, ఆ రోజు మెడ మీద వెంట్రుకలు నిక్కించి గుర్రుమంది. చుక్క ముఖం పక్కకు తిప్పుకొని, పెదవులు నాకుకుంటూ కదలకుండా నిలబడిపోయింది. తల్లి అర్ధచంద్రంలా చుట్టు తిరిగి వచ్చి, తోక కిందా, తరువాత చెవి వెనుకా వాసన చూసింది. అంతే, నిక్కిన వెంట్రుకలు వాలిపోయాయి. కళ్ళ ముందే కనిపిస్తున్న కూతురిని ఆ తల్లి కంటితో పోల్చుకోలేదు. మందు సబ్బు కింద మిగిలిన వాసన దొరికాకే నమ్మింది.

వీధికుక్కలను ఆపరేషన్ చేశాక పట్టుకున్న చోటనే వదలాలని 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల్లో ఎందుకు ఉందో కూడా నాకు అప్పుడే తలకెక్కింది. ప్రతి గుంపుకూ ఒక పొలిమేర ఉంటుంది. మా గుంపుది రామాలయం దాకా, అవతలి గుంపుది అక్కడి నుంచి గట్టు దాకా. ఆ హద్దురాళ్ళన్నీ వాసనతో నాటినవే. కొత్తచోట దింపిన కుక్కకు ఆ రాళ్ళు ఒక్కటీ తనవి కావు.

మరో సంగతి కూడా మీకు చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ మనం చేసే తప్పు కొట్లాటకు దారితీస్తుంది. ఎదురుగా ఇంకో కుక్క వస్తే మనం భయపడి తాడు బిగబట్టి లాగుతాం. కుక్కల మర్యాదలో ఎదురెదురుగా, కళ్ళలోకి చూస్తూ సూటిగా నడిచి రావడం సవాలు చేయడం. అవి సహజంగా కాస్త పక్కగా తిరిగి, వంపుగా వచ్చి, వెనుకవైపు వాసన చూసుకొని పలకరించుకుంటాయి. తాడు బిగిస్తే ఆ వంపు తిరగడానికి వీలుండదు. ఛాతీ ముందుకు నెట్టుకొని, ముందుకాళ్ళు లేచి, తనకు ఇష్టం లేకపోయినా ఎదుటిదానికి అది దాడికి వస్తున్నట్టే కనిపిస్తుంది. మేము ఒకసారి ఇలాగే చుక్క భుజానికి గాటు పడేదాకా తెచ్చుకున్నాం. అప్పటి నుంచి దూరంగా కుక్క కనిపిస్తే తాడును వదులుచేసి, నేనే ముందుగా రోడ్డు అవతలి వైపుకు వంపు తిరుగుతాను. చాలాసార్లు అదే సరిపోతుంది.

వాసన చూడనివ్వడం వల్ల కుక్క మనసుకు నిజంగా మేలు జరుగుతుందా అని మా బావమరిది ఒకసారి నిలదీశాడు. దానికి 2019లో ప్రచురితమైన ఒక పరిశోధన ఉంది. పెంపుడు కుక్కలను రెండు బృందాలు చేసి, ఒక బృందానికి రెండు వారాల పాటు దాచిన తిండిని ముక్కుతో వెతికే ఆట నేర్పారు, రెండో బృందానికి యజమాని పక్కనే క్రమశిక్షణగా నడవడం నేర్పారు. శిక్షణకు ముందూ తరువాతా, తిండి ఉందో లేదో తేల్చుకోలేని చోట గిన్నె పెట్టి చూశారు. వాసనతో వెతికిన కుక్కలు మునుపటి కంటే త్వరగా, ఆశతో గిన్నె వైపు నడిచాయి. రెండో బృందంలో ఆ మార్పు రాలేదు. మా ఇంట్లో నేను చూసింది కూడా ఇదే. మునుపు గంట తిప్పి తెచ్చినా చుక్క ఇంటికి వచ్చి చెప్పులు కొరికేది, గేటు దగ్గర ప్రతి స్కూటరుకూ మొరిగేది. ఆగనిస్తూ అరగంట తిప్పితే వచ్చి నీళ్ళు తాగి, అమ్మ మంచం కింద నిద్రపోతోంది.

అలాగని తాడు పూర్తిగా దాని ఇష్టానికి వదిలేయమని అనను. నేను నడకను రెండుగా విడదీశాను. నా ముప్పావుగంట నేను విడిగా, ఒంటరిగా నడుస్తాను. చుక్క నడకకు గడియారం ఉంటుంది కానీ దూరం ఉండదు. వాహనాలు తిరిగే రోడ్డు దాటేటప్పుడు "పద" అంటాను, అప్పుడు ఆగకూడదు. దాటాక "చూసుకో" అంటాను, తాడు వదులవుతుంది. చేతిలో నాలుగు వేయించిన పల్లీలు పెట్టుకొని నేర్పితే ఈ రెండు మాటలూ మూడు వారాల్లో వచ్చేశాయి (ఉప్పు వేయనివి, ఒక్కోసారి ఒకటి రెండుకు మించకుండా). తాడు రెండు మీటర్లయినా ఉండాలి.

ఆపవలసిన చోట్లు కూడా ఉన్నాయి. బిర్యానీ సెంటర్ల పక్కన పడేసే ఉడికిన కోడి ఎముకలు వాడి చీలికలుగా విరిగి పేగుల్లో గుచ్చుకుంటాయి, అక్కడ ఆగనివ్వకండి. ఎలుకల మందు పెట్టే గోదాముల గోడల దగ్గరా అంతే. వానాకాలంలో నిలిచిన నీటి గుంటలను ముక్కుతో కెలకనివ్వకండి. ఎలుకల మూత్రం కలిసిన నీటి వల్ల వచ్చే జ్వరం కుక్కలకూ వస్తుంది, మనకూ వస్తుంది. దానికి టీకా ఉంది, రేబిస్ టీకాతో పాటు ఏటా వేయించండి. గడ్డిలో తిరిగి వచ్చాక చెవుల లోపల, వేళ్ళ సందుల్లో గోమార్లు ఉన్నాయేమో రోజూ చూడండి. ఎండాకాలంలో ఎనిమిది దాటాక తారురోడ్డు మీదికి తీసుకువెళ్ళవద్దు. అరచేతి వెనుకభాగాన్ని రోడ్డు మీద ఐదారు సెకన్లు ఆనించి ఉంచలేకపోతే, దాని పాదాలు కూడా ఓర్చుకోలేవు. మలం ఎత్తడానికి ఒక కాగితమో సంచీయో జేబులో ఉండాలి; వీధిలోవారు మన కుక్కను ఇష్టపడాలంటే ఇది తప్పనిసరి.

మీ కుక్కకు ఏడాదే కనుక, ఇప్పుడు దాని ఉత్సాహం పరాకాష్ఠలో ఉంటుంది. మొదటి పదిహేను రోజులు ప్రతి రాయి దగ్గరా ఆగి మీ ఓపికను పరీక్షిస్తుంది. ఎవరూ లాగడం లేదని తెలిశాక అది తానే ఎంచుకోవడం మొదలుపెడుతుంది. మాకు నెల రోజులు పట్టింది. ఆ తరువాత చుక్క పది స్తంభాలు దాటి, పదకొండోదాని దగ్గర మాత్రమే ఆగేది.

దానికి తొమ్మిదేళ్ళు వచ్చాయి. ఎడమకంటికి పొర కమ్ముతోంది. మునుపు గట్టు దాకా వెళ్ళేవాళ్ళం, ఇప్పుడు రామాలయం దాకానే వెళుతున్నాం. ఆ మూడు వందల అడుగులకు మాకు నలభై నిమిషాలు పడుతుంది. కరెంటు స్తంభం మొదట్లో గడ్డి ఇంకా ఉంది. ఈ ఉదయం అక్కడ చాలాసేపు ఆగి, తల ఎత్తి కిరాణా కొట్టు వైపు తిరిగింది. తల్లి అప్పటికి అరుగు మీద లేదు. నాకేమీ కనిపించలేదు కానీ, చుక్క తోక ఊపుతూనే నిలబడింది. కాసేపటికి పాల బూతు సందులోంచి తల్లి వచ్చింది.