పాత బోర్డుకు ఎన్‌వీఎంఈ బూట్

ప్రశ్న: పాత మదర్‌బోర్డులో అడాప్టర్ కార్డుతో ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ (వేగంగా పనిచేసే స్టోరేజ్ డ్రైవ్) పెట్టాను. విండోస్‌లో కనిపిస్తోంది, బూట్ మాత్రం కావట్లేదు. బయోస్ (కంప్యూటర్‌ను మొదట లేపే, బోర్డు చిప్‌లోని సాఫ్ట్‌వేర్) మారిస్తే అవుతుందా?

జవాబు: యూఈఎఫ్‌ఐ (కొత్త తరం బయోస్) ఉన్న బోర్డయితే అవుతుంది. అందులో ఎన్‌వీఎంఈ డ్రైవర్ లేకపోవడమే కారణం. నెట్‌లో దొరికే ఫైలు నేరుగా బయోస్ చిప్‌లోకి ఎక్కించకండి; మ్యాక్ అడ్రస్, సీరియల్ నంబర్ పోవచ్చు. పవర్ తీగ, బ్యాటరీ తీసేసి, ప్రోగ్రామర్‌తో (క్లిప్‌తో తగిలించి చిప్‌ను చదివి, రాసే పరికరం) మీ చిప్‌నే రెండుసార్లు చదివి, ఫైళ్లుగా దాచండి. రెండు ఫైళ్లూ అచ్చంగా ఒకేలా లేకుంటే క్లిప్ సరిగా పట్టలేదన్నమాట, అక్కడే ఆగండి. చిప్ 3.3 వోల్టులదా, 1.8దా అన్నది చదవకముందే చూడాలి. బయోస్ ఫైళ్లను మార్చే యూఈఎఫ్‌ఐటూల్ 0.28లో ఆ ఫైలు తెరిచి, చివరి డీఎక్స్‌ఈ డ్రైవర్ (బూట్ సమయంలో పనిచేసే డ్రైవర్) తర్వాత ఎన్‌వీఎంఈ మాడ్యూల్ చేర్చండి. ప్యాడ్ ఫైళ్లు (మధ్యలో చోటు నింపే భాగాలు) మాయమైతే ఆ ఫైలు ఎక్కించొద్దు. విండోస్‌ను జీపీటీ (యూఈఎఫ్‌ఐ బూట్‌కు కావాల్సిన డిస్క్ విభజన పద్ధతి) డిస్క్‌పై యూఈఎఫ్‌ఐ పద్ధతిలోనే వేయాలి.