వరదలో మునిగిన బీరువా మీద వేలిముద్రలు దొరుకుతాయా?

ప్రశ్న: మాది పి.గన్నవరం దగ్గర లంక. గోదావరి పొంగితే నాలుగు రోజులు పునరావాస కేంద్రంలో ఉన్నాం. వరద తీశాక వచ్చి చూస్తే ఇనప బీరువా తెరిచి ఉంది, బంగారం లేదు. లోపల పొలం కాగితాలు నానిపోయాయి. నీళ్లు తగిలితే వేలిముద్రలు పోతాయంటున్నారు. నిజమేనాండీ?
— ఓ పాఠకురాలు

జవాబు: సగమే నిజమండీ. చెమటలోని ఉప్పు, అమైనో ఆమ్లాలు నీళ్లలో కరిగిపోతాయి. ముఖమో జుట్టో తాకినప్పుడు వేలికి అంటిన జిడ్డు మాత్రం అంత తేలిగ్గా పోదు. తడిసిన వస్తువు మీద ల్యాబ్‌వాళ్లు వెతికేది ఆ జిడ్డునే.

దయచేసి బీరువా తుడవకండి. ఒండ్రు పట్టిందని గుడ్డతో రుద్దారంటే, వరద మిగిల్చింది కాస్తా ఆ గుడ్డకి పోతుంది. బీరువా నీట మునిగిందని క్లూస్ టీమ్‌కి ముందే చెప్పండి. తడి మీద మామూలు పొడి అద్దితే ముద్దకట్టి గీతలు పూడిపోతాయి.

దీనికి వేరే మందుంది. మాలిబ్డినం డైసల్ఫైడ్ అనే నల్లటి మెత్తని పొడిని, కాస్త డిటర్జెంట్ కలిపిన నీళ్లలో వేసి స్ప్రే చేస్తారు. పొడి ఊరికే అడుక్కి దిగిపోతుంది కాబట్టి సీసా కుదుపుతూనే ఉండాలి. రేణువులు జిడ్డుని పట్టుకుంటాయి. పైనుంచి మంచినీళ్లు మెల్లగా వదిలితే మిగతాది జారిపోయి బూడిదరంగు గీతలు తేలతాయి. బీరువా రంగు ముదురుదైతే తెల్లపొడి వాడతారు. పక్కన స్కేలు పెట్టి ముందు ఫోటో తీస్తారు, ఆరాకే టేపుతో ముద్ర ఎత్తుతారు.

కాగితాల సంగతి వేరు. పొడి కాగితానికి వాడే నిన్‌హైడ్రిన్ అమైనో ఆమ్లాలతో కలిసి ఊదారంగు తెస్తుంది. నానిన కాగితంలో అవి మిగలవు కాబట్టి దానితో పని జరగదు. అప్పుడు జిడ్డు మీద వెండి పేరుకునేలా చేసే ఫిజికల్ డెవలపర్ వాడతారు. అంతకుముందు కాగితాన్ని పలచని ఆమ్లంలో ఉంచి అందులోని సుద్దని తీసెయ్యాలి. లేకపోతే కాగితం మొత్తం నల్లబడి ముద్ర అందులో కలిసిపోతుంది. మీరు మాత్రం ఆ కాగితాలని ఎండలో పెట్టకండి, ఇస్త్రీ చెయ్యకండి, ఒకదాన్నుంచి ఒకటి విడదీయకండి. అంచులు పట్టుకుని నీడన ఆరనివ్వండి. ప్లాస్టిక్ కవర్లో పెడితే బూజు పడుతుంది, కాగితపు కవరే మేలు.

ముద్ర ఎప్పుడు పడిందో కచ్చితంగా తేల్చే పద్ధతి లేదు. అందుకే ఇంటిల్లిపాదీ వేళ్లు, అరచేతుల ముద్రలు ఇవ్వాల్సి వస్తుంది. సామాను సర్దడానికి చెయ్యేసిన పక్కింటివాళ్లవీ ఇప్పించండి. అవన్నీ తీసేస్తేనే బయటివాళ్ల ముద్ర ఏదో తేలుతుంది.