సమాధానం: గ్లాసుల్లో గింజలు కుళ్లిపోతుంటే

టీచర్ గారూ, ఒకటో తరగతి పిల్లలు ప్లాస్టిక్ గ్లాసుల్లో నాటిన బెండ గింజలు మొలవకుండానే కుళ్లిపోతున్నాయన్నారు. నాకైతే నీళ్ల మీదే అనుమానం. తరగతి మొత్తం తలా ఒకసారి పోస్తే ఏ గింజ బతుకుతుంది? గ్లాసుల అడుగున మూడు నాలుగు రంధ్రాలు పెట్టండి. ఆ పని మీరే చేయాలి. చెంబు దాచేసి, మూతకు సన్నని చిల్లులు పెట్టిన సీసా ఇవ్వండి. మట్టిలో వేలు పెట్టి, తడి తగిలితే ఆ రోజు నీళ్లు వద్దని చెప్పండి. వేలు పెట్టడమంటే వాళ్లకు పండగే!

ఈసారికి బెండ వదిలేసి, రాత్రంతా నానబెట్టిన మెంతులు చల్లండి. 3-5 రోజుల్లో మొలకలు కనిపిస్తాయి. ఆ వయసు ఓపిక అంతే మరి. మొలవగానే కిటికీ దగ్గరకు మార్చకపోతే వెలుతురు కోసం సాగి వాలిపోతాయి. మందు పట్టించిన రంగు విత్తనాలు మాత్రం పిల్లల చేతికి ఇవ్వకండి. వంటింటి మెంతులే చాలు.