అమ్మాయిని బీబీఏకు జర్మనీ పంపమంటారా?

నరసరావుపేట నుంచి ఒక తండ్రి రాశారు. ఆయనది ఎరువులు, పురుగుమందుల దుకాణం. అమ్మాయి ఈ ఏడాది ఇంటర్ ఎంఈసీ మంచి మార్కులతో పూర్తి చేసింది. "జర్మనీలో ఫీజులు లేవంటున్నారు. బీబీఏ ఇంగ్లిషులోనే చదవవచ్చంటున్నారు. మూడేళ్లలో డిగ్రీ, వెంటనే ఉద్యోగం అంటున్నారు. పంపమంటారా?" అని ఆయన సందేహం.

అన్నయ్య గారూ, మీ మూడు 'అంటున్నారు'లలో మొదటిది చాలావరకు నిజం. రెండోది అరకొర నిజం. మూడోది చెప్పినవారు మాత్రం కన్సల్టెన్సీ నడుపుతూ ఉంటారని నా అనుమానం.

ఫీజు సంగతి ముందు తేల్చేద్దాం. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ట్యూషన్ ఫీజు లేదు. సెమిస్టరుకు వంద నుంచి నాలుగు వందల యూరోల లోపు ఒక రుసుము ఉంటుంది. చాలాచోట్ల బస్సు, రైలు పాసు అందులోనే కలిసి వస్తుంది. అయితే మినహాయింపులు ఉన్నాయి. బాడెన్-వ్యుర్టెంబర్గ్ రాష్ట్రం 2017 చలికాలపు సెమిస్టరు నుంచి మనలాంటి ఐరోపాయేతర విద్యార్థుల దగ్గర సెమిస్టరుకు 1,500 యూరోలు తీసుకుంటోంది. బిజినెస్ చదువుకు దేశంలోనే పెద్ద పేరున్న మాన్‌హైమ్ ఆ రాష్ట్రంలోనే ఉంది. మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయం కూడా 2024 నుంచి బ్యాచిలర్ కోర్సులకు సెమిస్టరుకు రెండు, మూడు వేల యూరోలు పెట్టింది. నేను 2010లో నార్త్ రైన్-వెస్ట్‌ఫాలియా రాష్ట్రంలో చదువుకు చేరినప్పుడు అక్కడ సెమిస్టరుకు 500 యూరోలు ఉండేది, మరుసటి ఏడాది తీసేశారు. అంటే ఇది రాష్ట్ర ప్రభుత్వాలను బట్టి మారే వ్యవహారం. నిరుడు ఎవరో చెప్పిన మాటను పట్టుకుని ఈ ఏడాది లెక్కలు వేయకండి.

అసలు ఫీజు భాష రూపంలో కట్టాలి. ఇక్కడ బీబీఏ అంటే ఎవరికీ వెంటనే తెలియదు. బే-వే-ఎల్ అంటే తెలుస్తుంది, బెట్రీబ్స్‌విర్ట్‌షాఫ్ట్స్‌లేరె అనే గజం పొడవు మాటకు అది పొట్టి పేరు. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఈ కోర్సు ఎక్కువగా జర్మన్‌లోనే నడుస్తుంది. భాషకు ఏ1 నుంచి సీ2 దాకా ఆరు మెట్లు ఉంటాయి. చేరాలంటే వాటిలో అయిదోదైన సీ1 స్థాయి, అంటే టెస్ట్‌డాఫ్ అనే జర్మన్ పరీక్షలో నాలుగు భాగాల్లోనూ నాలుగో స్థాయి, లేదా డీఎస్‌హెచ్ అనే మరో పరీక్షలో రెండో స్థాయి అడుగుతారు. ఇంగ్లిషులో నడిచేవి ఉన్నాయి, కానీ తక్కువ. విదేశీ విద్యార్థులకు కోర్సుల వివరాలిచ్చే జర్మన్ సంస్థ డాడ్ (డీఏఏడీ) వెబ్‌సైటులో బ్యాచిలర్, ఇంగ్లిషు అని జల్లెడ పట్టి చూస్తే మీకే తెలుస్తుంది, మిగిలే వాటిలో ఫీజు తీసుకునే ప్రైవేటు సంస్థలు ఎన్నో.

ఇంజినీరింగ్ పిల్లలు ఇంగ్లిషుతో నెట్టుకొస్తున్నారు కదా అంటారేమో. వాళ్ల యంత్రానికి భాష లేదు. మన చదువులో భాషే యంత్రం. మీ దుకాణంతోనే చెబుతాను. జూన్‌లో మీరు కంపెనీ దగ్గర యూరియా అరువుకు తెస్తారు. ఆ రోజే జర్మన్ లెక్కల్లో అది 'ఔస్‌గాబె'. పంట డబ్బు చేతికొచ్చాక సంక్రాంతికి బాకీ తీరుస్తారు, అప్పుడు అది 'ఔస్‌త్సాలుంగ్'. మధ్యలో బస్తాలు అమ్ముడుపోయినప్పుడల్లా వాటి కొన్న ధర 'ఔఫ్‌వాండ్'గా లాభనష్టాల ఖాతాలోకి వెళుతుంది. ఇక నాలుగోది 'కోస్టెన్'. మీరు పొద్దున ఎనిమిది నుంచి రాత్రి తొమ్మిది దాకా గల్లాపెట్టె దగ్గర కూర్చుంటారు, జీతం తీసుకోరు. జర్మన్ వ్యయ గణనం మీ పేరున ఒక జీతం ఊహించి, దాన్ని కోస్టెన్‌లో కలుపుతుంది, ఔఫ్‌వాండ్‌లో కలపదు. మనం ఈ నాలుగింటినీ ఖర్చు అని ఒక్క మాటతో సరిపెట్టుకుంటాం. ప్రశ్నపత్రంలో ఏ మాట వాడారో గమనించకపోతే లెక్క ఎంత చక్కగా చేసినా సున్నాయే.

నాకు పడిన సున్నా అదే. మా తాతగారి చిట్టా ఆవర్జాలు చూస్తూ పెరిగాను, బీకాం మొదటి సంవత్సరం విజయవాడలో చదివి వచ్చాను, జమా ఖర్చులు నాకొక లెక్కా అనుకున్నాను. వ్యయ గణనం పరీక్ష మొదటిసారి తప్పాను. ఆ సెమిస్టరులో తప్పినవాళ్లు చాలామందే, కాబట్టి పెద్దగా బాధపడలేదు. రెండోసారీ తప్పాను. అప్పుడు ఒక సీనియర్ నన్ను క్యాంటీన్‌లో కూర్చోబెట్టి, పరీక్షల నిబంధనావళి తెరిచి ఒక పేరా చూపించాడు.

ఈ పేరా గురించి కన్సల్టెన్సీ వారు చెప్పరు కాబట్టి నేను చెబుతున్నాను. మన దగ్గర సబ్జెక్టు మిగిలిపోతే సప్లిమెంటరీ మీద సప్లిమెంటరీ రాసుకోవచ్చు. ఇక్కడ చాలాచోట్ల తప్పనిసరి పేపరుకు మూడు అవకాశాలే. మూడోసారి కూడా 4.0 గ్రేడు అందకపోతే 'ఎండ్‌గ్యూల్టిగ్ నిష్ట్ బెష్టాండెన్' అని రాస్తారు, ఇక ఎప్పటికీ ఉత్తీర్ణులు కాలేరని దాని అర్థం. ఆ విశ్వవిద్యాలయంలో పేరు కొట్టేస్తారు. జర్మనీలో మరో ఊరికి వెళ్లి అదే కోర్సులో చేరుదామన్నా సాధారణంగా కుదరదు. చదువు పోతే చదువు కోసం ఇచ్చిన నివాస అనుమతి కూడా ప్రశ్నార్థకమే. ఆ మూడో పరీక్షకు ముందు రెండు నెలలు నేను గణితం ముట్టుకోలేదు. పాత ప్రశ్నపత్రాల్లోని వాక్యాలను ఒక నోటుపుస్తకంలో రాసుకుని, ఇద్దరు జర్మన్ అమ్మాయిలను బతిమాలి, ఏ మాటకు ఏ అర్థమో గట్టిగా చదివించుకున్నాను. 3.7 వచ్చింది. ఇక్కడ ఒకటి ఉత్తమం, అయిదు తప్పడం, కాబట్టి 3.7 అంటే గట్టున పడ్డానన్నమాట. ఆ నోటుపుస్తకం ఇంకా ఉంది.

ఇప్పుడు అమ్మాయికి దారి ఏమిటో చూద్దాం. మన ఇంటర్ ఒక్కటే చూపించి నేరుగా బే-వే-ఎల్‌లో చేరడం కుదరదు. రెండు దారులు ఉన్నాయి. ఒకటి స్టూడియెన్‌కొలెగ్, అంటే విశ్వవిద్యాలయానికి ముందు ఒక ఏడాది సన్నాహక చదువు. వాణిజ్యం వైపు వెళ్లేవారికి అందులో డబ్ల్యూ-కోర్సు. దాని ప్రవేశ పరీక్షకే జర్మన్ బీ1 లేదా బీ2 కావాలి, గణితం కూడా ఉంటుంది. అమ్మాయిది సీఈసీ కాకుండా ఎంఈసీ కావడం ఇక్కడ కలిసొస్తుంది. రెండోది, మన దేశంలోనే గుర్తింపు పొందిన కళాశాలలో బీకాం లేదా బీబీఏ మొదటి సంవత్సరం మంచి మార్కులతో పూర్తి చేసి, అదే శాఖకు దగ్గరి కోర్సుకు నేరుగా దరఖాస్తు చేయడం. ఇంటర్ మార్కులను, సబ్జెక్టులను బట్టి అర్హత మారుతుంది కాబట్టి అనాబిన్ అనే జర్మన్ ప్రభుత్వ జాబితాలో చూసుకోండి.

నన్ను అడిగితే రెండో దారే పట్టమంటాను. ఆ ఏడాది వృథా కాదు. ఇంట్లో అమ్మ వంట తింటూ బీకాం మొదటి సంవత్సరం, దాంతోపాటు సాయంత్రాలు జర్మన్ చదవవచ్చు. హైదరాబాద్‌లో గోథె సెంట్రమ్ ఉంది, ఆన్‌లైన్ తరగతులూ దొరుకుతాయి. సున్నా నుంచి సీ1కు ఏడాదిన్నర పడుతుంది, అదీ రోజూ రెండు మూడు గంటలు కూర్చుంటేనే. ఆరు నెలల్లో సీ1 చేయిస్తామన్న బోర్డు కనిపిస్తే ఆ వీధిలోంచి కాకుండా పక్క వీధిలోంచి వెళ్లండి.

కాగితాల పని గురించి క్లుప్తంగా చెబుతాను. 2022 నవంబరు నుంచి మన విద్యార్థుల వీసాకు ఏపీఎస్ ధ్రువపత్రం, అంటే మన సర్టిఫికెట్లు అసలైనవేనని జర్మన్ల తరఫున పరిశీలించి ఇచ్చే కాగితం, తప్పనిసరి, రుసుము 18,000 రూపాయలు, వచ్చేసరికి వారాలు పడుతుంది కాబట్టి అన్నిటికంటే ముందు అదే మొదలుపెట్టండి. చాలా విశ్వవిద్యాలయాలకు దరఖాస్తు వాటి తరఫున కాగితాలు పరిశీలించే ఊని-అసిస్ట్ అనే సంస్థ ద్వారా వెళుతుంది, మొదటిదానికి 75 యూరోలు, తర్వాత ఒక్కోదానికి 30. అక్టోబరులో మొదలయ్యే సెమిస్టరుకు గడువు మామూలుగా జూలై 15, కొన్నిచోట్ల ఇంకా ముందే. అక్కడ బతకడానికి డబ్బుందని వీసాకు చూపించే బ్లాక్డ్ ఖాతాలో ఏడాదికి 11,904 యూరోలు జమ చేయాలి. మన లెక్కలో పన్నెండు లక్షల పైమాటే. అందులోంచి నెలకు 992 యూరోల చొప్పున అమ్మాయి చేతికి వస్తాయి. ఆరోగ్య బీమాకు నూట నలభై, నూట యాభై పోతాయి. మ్యూనిక్ లాంటి ఊరైతే మిగిలినదాంట్లో సింహభాగం అద్దెకే. అందుకే బిజినెస్ చదువుకు పేరు ఒక్కటే చూసి ఊరు ఎంచుకోవద్దంటాను. విద్యార్థి వసతిగృహానికి సీటు రాకముందే దరఖాస్తు పెట్టవచ్చేమో ఆ వసతిగృహాలు నడిపే ఆ ఊరి స్టూడియెరెండెన్‌వెర్క్ వారిని అడిగి చూడండి. వరుస చాలా పొడవు.

యూనివర్సిటీయా, హోఖ్‌షూలెయా అని అమ్మాయి అడుగుతుంది. హోఖ్‌షూలె అన్న మాట చూసి హైస్కూల్ అని మీ ఇంట్లో పెద్దవాళ్లు కంగారు పడవచ్చు, మా నాన్నగారు పడ్డారు. అది ఉన్నత విద్యాసంస్థే. యూనివర్సిటీలో ఆరు సెమిస్టర్లు, సిద్ధాంతం పాలు ఎక్కువ. అనువర్తిత శాస్త్రాల హోఖ్‌షూలెల్లో తరచుగా ఏడు సెమిస్టర్లు, అందులో ఒకటి పూర్తిగా కంపెనీలో పని. జర్మన్ వాతావరణంలో పుట్టని పిల్లకు ఆ ఒక్క సెమిస్టరు ఎంత విలువైనదో ఉద్యోగం వెతికేటప్పుడు తెలుస్తుంది. తరగతులు చిన్నవి, ఆచార్యులు పేరు పెట్టి పిలుస్తారు. పరిశోధన వైపు ఆసక్తి లేకపోతే నేను అటే మొగ్గుతాను.

ప్రైవేటు వాటిలో నిజంగా గొప్పవీ ఉన్నాయి. ఫాలెండార్‌లోని డబ్ల్యూహెచ్‌యూ లాంటివాటికి ఇక్కడి కంపెనీలు వచ్చి మరీ పిల్లలను తీసుకువెళతాయి, ఫీజూ ఆ స్థాయిలోనే ఉంటుంది. వాటి మాట కాదు నేను అనేది. సులువుగా సీటు, ఇంగ్లిషులో చదువు, భాషా పరీక్ష వద్దు అని పిలిచేవాటి విషయంలో రెండు ప్రశ్నలు రాతపూర్వకంగా అడగండి. రాష్ట్ర ప్రభుత్వ గుర్తింపు ఉందా? తరగతులు గదిలో జరుగుతాయా, ఆన్‌లైన్‌లోనా? చదువు ఎక్కువ భాగం ఆన్‌లైన్ అయితే వీసా దగ్గరే తగువు మొదలవుతుంది.

ఇక ఉద్యోగం. చదువుకుంటూ ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 అరరోజులు పనిచేసుకోవచ్చు. 2026 జనవరి నుంచి కనీస వేతనం గంటకు 13.90 యూరోలు. దాంతో నెల ఖర్చుల్లో కొంత గడుస్తుంది, బ్లాక్డ్ ఖాతా డబ్బుకు బదులుగా మాత్రం దాన్ని లెక్కలో వేసుకోకండి. మొదటి ఏడాది పరీక్షలు దాటేదాకా పని వద్దనే నేనంటాను. తర్వాత చేరితే గోదాములో పెట్టెలు మోసే పనిలో కాకుండా, ఏదైనా కంపెనీ లెక్కల విభాగంలో వెర్క్‌ష్టుడెంట్‌గా, అంటే చదువుకుంటూ పనిచేసే ఉద్యోగిగా, చేరమనండి. డిగ్రీ తర్వాత ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలలు ఇస్తారు. బెర్లిన్‌లోని కొత్త కంపెనీల్లో ఇంగ్లిషు నడుస్తుంది. పన్ను సలహాదారుల కార్యాలయాల్లో, కుటుంబాలు నడిపే మధ్యస్థాయి కర్మాగారాల్లో, అంటే ఈ దేశంలో లెక్కలవాళ్లకు కొలువులు ఎక్కువగా ఉన్నచోట, ఫోను మోగితే జర్మన్‌లోనే మాట్లాడాలి. నాకు ఇప్పుడున్న ఉద్యోగం కూడా అలాంటి కర్మాగారంలోనే, మా యజమాని కుటుంబంలో ఇంగ్లిషు వచ్చినవాడు మనవడు ఒక్కడే.

అమ్మాయి వచ్చాక తెలిసే చిన్న సంగతులు కొన్ని ఉన్నాయి, ఇప్పుడే చెబితే నవ్వుకుంటుంది. తరగతి పట్టికలో పది గంటలు అని ఉండి పక్కన సీ.టీ. అని రెండు అక్షరాలుంటే, పాఠం పదిం పావుకు మొదలవుతుంది. నేను మొదటి వారమంతా ఖాళీ గదిలో కూర్చున్నాను. పాఠం అయ్యాక అందరూ బల్లల మీద టకటక కొడతారు, అది అల్లరి కాదు, చప్పట్లకు బదులు.

మీ రెండో ఉత్తరంలో ఇంటర్ మార్కుల జాబితా, ఏ కళాశాలలో బీకాం చేర్చాలనుకుంటున్నారో ఆ పేరు పంపండి, అనాబిన్‌లో నేనూ ఒకసారి చూస్తాను. అయితే ఆ ఉత్తరం మీరు కాకుండా అమ్మాయిని రాయమనండి. చివరి నాలుగు వాక్యాలు జర్మన్‌లో ఉండాలి, తప్పులున్నా ఫరవాలేదు. ఇప్పటినుంచి మూడు నెలల గడువు ఇస్తున్నాను.